కావాలనే వదిలిన స్కేలు

నేను చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటికి సాక్షులు లేరు, నా అదృష్టం. ఈ ఒక్కదానికి మాత్రం ముగ్గురున్నారు. చెబుతాను, మీరు నవ్వండి. నాకైతే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తొంభైల మొదట్లో మాట. మాది కోదాడ. బీఈడీ పాసై సూర్యాపేటలో ఒక బడిలో సైన్సు టీచరుగా కొత్తగా చేరాను. ఇన్‌షర్టు, జేబులో మూడు పెన్నులు, లోకంలో నాకు తెలియనిది లేదన్న ధీమా. ఏడో తరగతిలో స్వరూప అని ఒక పిల్ల నా ప్రాణం తీసేది. ఒకరోజు నేను ప్రశ్న పూర్తిచేయకముందే జవాబు చెప్పేది. మర్నాడు మూడుసార్లు పేరు పెట్టి పిలిస్తే గాని "ఆఁ సార్?" అనేది కాదు. అసలు చదువే రాని పిల్లయితే జాలిపడేవాణ్ణి. వచ్చి కూడా చెప్పదా! ఎంత పొగరు!

"కావాలని కాదు సార్. ఏమో, గట్లయితది," అనేది ఏడుపుమొహంతో.

"నాటకాలు!" అనేవాణ్ణి నేను.

రోజూ చాడీలు చెప్పి చెప్పి, చివరికి పెద్దసారు చేత టీసీ పుస్తకం బయటికి తీయించాను. టీసీ ఇస్తే ఆ పిల్ల చదువు అంతటితో ఖతం, తల్లి వెంట పత్తి ఏరడానికి పోవాల్సిందే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను, చూడండి నా బుద్ధి!

తండ్రి లింగయ్యను పిలిపించారు. ఆయన మిర్యాలగూడ రైసుమిల్లులకు వడ్ల లారీ తోలతాడు. తలకు చుట్టిన తువ్వాల విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"రుజువు చేస్తాను సార్," అని పెద్దసారు ముందు అడుగు స్కేలు నిలువుగా ఎత్తి పట్టుకున్నాను. కింద స్వరూప రెండు వేళ్లు తెరిచి పెట్టింది. నేను వదిలేస్తే తను పట్టుకోవాలి. ఎంత జారాక పట్టిందో చూస్తే ఎంత చురుకో తెలుస్తుంది.

వదిలాను. టక్కున పట్టేసింది. అంతకుముందు క్లాసులో అందరి చేతా పట్టించి చూశాను, అంత తొందరగా పట్టినవాళ్లు లేరు. మళ్లీ వదిలాను. స్కేలు నేల మీద, పిల్ల చూపు కిటికీ అవతల. మూడోసారి పట్టింది. నాలుగోసారి మళ్లీ నేల.

"చూశారా సార్! పట్టగలదు. కావాలనే పట్టట్లేదు!"

పెద్దసారు పెన్ను మూత తీశారు. అప్పుడు నోరు విప్పాడు లింగయ్య.

"సారూ, ఒక్క మాట. లారీకి బ్రేకు ఒకపారి పడి ఒకపారి పడకపోతే, బండికి పొగరని అంటమా? షెడ్డుకు తీస్కపోతమా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మనిషీ బండీ ఒకటేనా? మనసు పెడితే ఎవరైనా పట్టుకుంటారు!"

"అయితే మీరు పట్టుండ్రి, సూస్త," అని స్కేలు అందుకున్నాడు.

మొదటిసారి పట్టాను. పెద్దసారు చూశారో లేదోనని అటు తిరిగాను. ఆ తిరగడంలో రెండోది నా చెప్పు మీద పడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఆ వేడిలో మూడోదీ పోయింది. నాలుగోసారి స్కేలు ఇంకా లింగయ్య చేతిలోనే ఉంది, నేను గాలిని గట్టిగా పట్టేసుకున్నాను.

"సైదులూ," అన్నారు పెద్దసారు, "కావాలనే ఇడిసిపెట్టినవా?"

"లేదు సార్! నిజంగా పట్టుకుందామనే చూశాను. ఏమో, అట్లా అవుతుంది!"

అనేసి నాలుక కరుచుకున్నాను. స్వరూప నా వైపు చూసింది. నవ్వలేదు, పాపం అనుకుంది. దానికంటే నవ్వినా బాగుండేది.

పెద్దసారు టీసీ పుస్తకం బీరువాలో పడేశారు. "రేపటిసంది పిల్ల ముందు బెంచీల కూసుంటది. ఒకపారి ఇనకపోతే మళ్ల చెప్పు. నీకేమన్న నోరు నొస్తదా?"

పెద్దసారు గది గడప దాటుతూనే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ప్రయోగమంటూ చేస్తే పెసరగింజల మీదే చేస్తాను. తడిగుడ్డలో మూటగట్టి చూస్తాను. ఒక గింజ ఈరోజు మొలిచి ఇంకోటి ఎల్లుండి మొలిచినా పొగరు అనను. దానికీ ఎక్కడో లారీ తోలే తండ్రి ఉంటాడేమో, ఎవరికి తెలుసు!