బావ చేతిలో కట్టె

పిల్ల నిద్రపోయింది. లేచేలోపు రాయాలి. పగలు నాకు రాయడం కుదరదు. పగలు చేతులు తడిగానైనా ఉంటాయి, రంగుతోనైనా ఉంటాయి.

నా దగ్గర ఒక చెక్కపెట్టె నిండా సీసపు సిపాయిలున్నారు. హైదరాబాదులో కాలేజీ చదువుతున్నప్పుడు మాకు ఇంగ్లీషు చెప్పిన దొరసాని తన దేశం వెళ్లిపోతూ ఇచ్చిన పెట్టె అది. అప్పటికే అవి పాతవి. నెపోలియన్ కాలపు ఫ్రెంచి సైనికులు, ఒక్కొక్కడు నా వేలంత ఉంటాడు. ఎత్తయిన టోపీలు, ఛాతీ మీద అడ్డంగా తెల్ల పట్టీలు, ప్రతివాడి చేతిలో తుపాకి. పెచ్చులూడిపోయినవాటికి మళ్లీ రంగు వేయడం ఆవిడే నేర్పింది. ముందు నల్లరంగు పల్చగా వేయాలి, అది ఆరాక కోటు, అన్నిటికన్నా చివర తెల్ల పట్టీలు. ఒకడి తల తీసి మరొకడికి పెట్టడం, చేయి వంచడం, నిలబడ్డవాణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టడం కూడా నేర్పింది. అందరూ ఒకే అచ్చులో పోసినవాళ్లు. ఏదో ఒకటి మార్చేదాకా ఎవడూ మనిషిలా కనిపించడు.

మా ఆయన మహబూబాబాద్ స్టేషన్లో పార్సిలు గుమాస్తా. బోర్డులకు, సిగ్నళ్లకు వేయగా డబ్బా అడుగున మిగిలిన రంగులు తెచ్చిపెడతారు. పార్సిళ్లకు సీలు వేసే లక్క ముక్కలూ తెస్తారు. పిల్ల పుట్టాక ఈ పని మానేస్తాననుకున్నాను. సీసం విషమని దొరసాని మరీ మరీ చెప్పింది. పిల్లేమో చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. పెట్టెను సజ్జ మీదికి ఎక్కించి, పని అయ్యాక చేతులు బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి కడుక్కుంటాను. అయినా మానలేదు. చుట్టూ పల్లెల్లో ఇళ్లు తగలబడుతున్నాయని స్టేషన్ నుంచి కబురు వచ్చిన రోజున కూడా నేను ఎవడో ఫ్రెంచివాడి గుండీలకు పసుపు చుక్కలు పెడుతూ ఉన్నాను.

ఆ రోజుల్లోనే మా అత్త వచ్చింది. అత్త అంటే మా నాయిన చెల్లెలు. కొడకండ్ల దగ్గర పల్లె ఆమెది. ఒక్కడే కొడుకు, నాకు బావ. దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి, తుపాకి పట్టి, దళంతో భూపాలపల్లి అడవుల్లోకి పోయాడు. పల్లెలో పోలీసు క్యాంపు పెట్టాక అత్తను రోజూ పిలిపించి కొడుకేడని అడిగేవాళ్లట. కొట్టేవాళ్లట కూడా. ఆ సంగతి అత్త చెప్పలేదు, నీళ్లు పోసేటప్పుడు వీపు చూసి నాకు తెలిసింది. చివరికి పాలోళ్లు, అంటే దాయాదులంతా కూడబలుక్కుని, అడవిలో జ్వరమొచ్చి చచ్చిపోయాడని పుకారు పుట్టించి, బతికున్న మనిషికి దినాలు చేశారు.

"మూడోనాడు పిట్టకు పెట్టినం బిడ్డా," అని అత్త చెప్పేది. "పోలీసోల్లు గట్టు మీద కూసోని సూస్తున్నరు. ఒక్క కాకి ముట్టకపాయె. ముడితే ఎట్ల? మనిషి బతికె ఉండె గదా! గాయింత అకల్ కాకికున్నది, గా జమేదారుకు లేకపాయె."

"మరి ఏం చేసిన్రు అత్తా?"

"ఏం జేస్తం? ఓ కుక్కొచ్చి తిన్నది. కుక్కనన్న తిన్నది పాండ్రి అని లేసొచ్చినం."

చెప్పి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వేది. నవ్వీ నవ్వీ, కొంగుతో ముఖం తుడుచుకుని అనేది: "ఏడువుమంటే ఏడ్సిన. ఉత్తగ ఏడుద్దామంటే నిజంగనే వచ్చింది ఏడుపు. గదే నా పరేషాన్."

నా సిపాయిలంటే అత్తకు వేళాకోళం. "వీని నెత్తి మీద గదేంది, పాలచెంబు బోర్లిచ్చినట్టు? గింత పెండ్లిపిల్లగానోలె ముస్తాబైతే వీడు యుద్ధమెప్పుడు జేస్తడు?" అనేది. "నిన్ను నా ఇంటికి తెచ్చుకుందామనుకున్న. సదువు ఎత్కపాయె. తీరా సూస్తే గీ సదువా నువ్వు సదివింది!" అనేది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నేను రంగు వేస్తుంటే గంటలు గంటలు చూసేది.

ఒక రోజు ఉన్నట్టుండి అడిగింది. "నా కొడుకును జెయ్యరాదు పిల్లా?"

బావకు ఫోటో లేదు. చొక్కాలు కూడా ఉంచుకోలేదట, చచ్చిపోయినవాడి బట్టలని చాకలికి ఇచ్చేశారట. "ఊళ్లె వాని పేరెత్తొద్దు. ఎవరన్న అడిగితే సచ్చిండు అనాలె. పొద్దుమాపు గదే మాట అనీ అనీ నాకే అనుమానమొస్తున్నది. ఒక్క బొమ్మలనన్న బతికుండనీ," అన్నది.

పెట్టెలోంచి బక్కపలచటివాణ్ణి ఒకణ్ణి తీశాను. టోపీని ఆకురాయితో నెత్తి దాకా అరగదీసి, లక్క కరిగించి తలపాగా చుట్టాను. తెల్ల పట్టీలు గీకేశాను. టీ పొట్లంలో వచ్చే తగరపు రేకు మడిచి గొంగడి చేశాను. అత్త పక్కనే ఉండి ఒక్కొక్కటీ దిద్దించింది. "గింత తెల్లగుంటడా వాడు? ఇంకింత నలుపు కలుపు. మీసం గట్ల గాదు, కొనకు దిగుడుంటది." గొంగడి రెండు భుజాల మీదా వేస్తే ఒప్పుకోలేదు. "ఎడమదిక్కే ఎయ్యాలె. కుడిచెయ్యి ఖాళీగుండాలె గదా, తుపాకికి."

ఆ మాటతో నా చేయి ఆగింది. అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. తలపాగా, గొంగడి, తుపాకి. అట్లాంటి మనిషి కోసమే ఊరూరా వెతుకుతున్నారు. అలాంటి బొమ్మ మా ఇంట్లో దొరికితే మా ఆయన నౌకరి ఏమవుతుంది, పాలు తాగే పిల్లను పెట్టుకుని నేనెక్కడికి పోతాను అనుకున్నాను. మా ఆయనను అడగలేదు. అత్తను అసలే అడగలేదు. ఆమె బావి దగ్గరికి పోయినప్పుడు తుపాకి వెనక భాగం కోసేసి, ముందున్న బాకు అరగదీసి, మిగిలినదానికి మట్టిరంగు వేశాను. అది కట్టె అయింది. బావ గొర్లకాపరి అయ్యాడు.

అత్త బిందె దించి వచ్చి చూసింది.

"గిదేంది?"

"కట్టె అత్తా."

"గొర్లు గాయవోయిండా నా కొడుకు?"

"పిల్లున్నది కదా అత్తా," అన్నాను.

అత్త పిల్ల వైపు చూసింది. బొమ్మను కిటికీలో పెట్టుకుంది. అన్నం ముందు కూర్చున్నప్పుడు మాత్రం అటు తిరిగి మెల్లగా "తిన్నవా?" అనేది.

కొన్నాళ్లకు సోదా వచ్చింది. ఆ పల్లె నుంచి వచ్చిన ముసలామె ఇక్కడ ఉన్నదని ఎవరో పోలీసులకు చెప్పారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. ఇక్కడి జమేదారు, ఇద్దరు జవాన్లు ఇంట్లోకి వచ్చి బియ్యం గోనె కుమ్మరించారు, పిల్ల ఉయ్యాల దులిపారు. ఒకడు సజ్జ మీది చెక్కపెట్టె దించి మూత తీశాడు. జమేదారు చేయి పెట్టి ఒక సిపాయిని తీశాడు, ఇంకొకణ్ణి తీశాడు. నవ్వాడు. మోకాళ్ల మీద ఉన్నవాణ్ణి అరచేతిలో పెట్టుకుని "ఎంత మంచిగున్నడు! ఎవలు జేసిన్రమ్మా?" అని నన్ను అడిగాడు. ఆ సీసపు సిపాయిలందరి చేతుల్లోనూ తుపాకులున్నాయి. ఒక్క తుపాకి మీద కూడా అతను అనుమానపడలేదు.

అప్పుడు కిటికీ చూశాడు. "ఈడెవడు? గొల్లోడా?"

"నా కొడుకు," అన్నది అత్త. "సచ్చిపోయిండు."

జమేదారు బొమ్మను అటూ ఇటూ తిప్పి, మళ్లీ అక్కడే పెట్టాడు. "పాపం," అన్నాడు. వెళ్లిపోయారు.

సాయంత్రం మా ఆయన వచ్చి అంతా విని, కట్టె పెట్టబట్టి బతికిపోయాం అన్నారు. అది నిజమో కాదో నేను ఎన్నటికీ తేల్చుకోలేను. తుపాకి ఉంటే పట్టుకునేవాడా, లేక పెట్టెలో సిపాయిల్లాగే ఆటబొమ్మ అనుకుని నవ్వేవాడా?

అత్త గోనెలోకి బియ్యం ఎత్తుతూ ఒక్కటే మాట అన్నది. "గా పరాయిదేశపోల్లందరి తుపాకులు సల్లగున్నయి. నా కొడుకుదే పాయె."

మర్నాడు ఒక ఫ్రెంచివాడి తుపాకి కోసి తీసుకుని, బావ చేతిలో పెట్టాలని కూర్చున్నాను. కట్టె తీసేశాను. కాని అంతకుముందు నేను ఆకురాయితో రాసినప్పుడే ఆ చేయి బాగా పలచబడింది. లక్కతో అంటిస్తే తుపాకి బరువుకు వంగి జారిపోతున్నది. గట్టిగా నొక్కితే వేళ్లు విరిగేట్టున్నాయి. ఉయ్యాలలో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. చేతులనిండా సీసం పొడి. లేచి ఎత్తుకోవాలో, ఇది ముగించాలో తెలియక అట్లాగే కూర్చున్నాను. అత్త పిల్లను ఎత్తుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఇడిసిపెట్టు బిడ్డా. గా కట్టెనే పెట్టు."

ఆ వారంలోనే వెళ్లిపోతానన్నది. ఉండమని అన్నాను. ఆ మాట ఎంత పైపైన అన్నానో నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది. జనగామ దాకా బండెక్కించడానికి పిల్లను చంకనేసుకుని స్టేషన్‌కు పోయాను. మళ్లీ కట్టె అంటించిన బొమ్మను గుడ్డలో చుట్టి ఆమె మూటలో పెట్టాను. రైలు ఎక్కాక అత్త మూట విప్పి, గుడ్డతో సహా తీసి కిటికీలోంచి నా చేతికిచ్చింది.

"ఊళ్లె క్యాంపున్నది. నా దగ్గెర దొరికితే మల్ల అడుగుతరు. నీ దగ్గెరనే ఉండనీ. ఎవరన్న వొస్తే గొల్లోడనే చెప్పు. ఎవలో తెల్వదను. నా పేరు గూడ ఎత్తకు."

"అత్తా..."

"చిన్నపిల్ల తల్లివి. నీకు భయముండాలె."

కోపంగా అని ఉంటే బాగుండేది. పిల్లకు టీకా వేయించమని చెప్పినట్టు చెప్పింది. రైలు కదిలింది. నేను తల ఊపాను. ఆమె కిటికీ ప్లాట్‌ఫారం దాటగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇక సోదా రాదు, ఈ రాత్రి నిద్ర పడుతుంది అనుకున్నాను. పిల్ల నా మెడ చుట్టూ చేతులు వేసి రైలు పోయిన వైపు చూస్తున్నది. అంత సుఖంగా నేను ఊపిరి తీసుకుని ఎన్నాళ్లయిందో.