మూతి బిగించిన చక్రకేళి గెల

మా కొల్లేటి వైపు చర్చిల్లో వరికోతలయ్యాక కోత పండుగ చేస్తారు. ఎవరి దొడ్లో మొదటి పంట వాళ్ళు పట్టుకెళ్ళి గుడిలో ప్రభువు బల్ల ముందు పెడతారు. నిరుడు నేను చక్రకేళి అరటిగెల పెడదామనుకున్నాను. ఆ పిలక మా ఆయన పోయేముందు తాడేపల్లిగూడెం నుంచి తెచ్చి నాటింది. ఆదివారానికి గెల పండాలి, ఆరాధన అయ్యాక అందరూ ఆయన పేరున తలా ఒక పండు తినాలి. నాకు కావలసింది అంతే.

గెల కోసి గడ్డిలో పెట్టాం. చలి రోజులు. పండదేమోనని మా కోడలు దానికి ఎరువుల బస్తాలోని ప్లాస్టిక్ కవరు తొడిగి మూతి బిగించింది. శుక్రవారం విప్పి చూస్తే కాయలు రాళ్ళలా ఉన్నాయి. కవరు లోపలంతా చెమట, పులిసిన వాసన.

"ఏలూరు బజార్లో కాయలు మాగేసే పొడి దొరుకుతుందండీ. వేస్తే తెల్లారేసరికి పసుపెక్కిపోతాయి" అంది కోడలు.

"పైన రంగు, లోపల పిండి. అది దేవుడికి పెడతావా?" అన్నాను.

తోటల చదువు చదువుతున్న మా మనవరాలు అప్పుడే కాలేజీ నుంచి వచ్చి, కవరు చూసి నవ్వింది.

"కోసినా కాయ ఊపిరి తీస్తుంది మామ్మా. పండేటప్పుడు మరీ ఎక్కువ. మీరు డాబా మెట్లెక్కితే రొప్పుతారు చూడండి, అలాగ. అప్పుడే లోపల కొత్త ప్రోటీన్లు పుట్టి పిండిని తీపి చేస్తాయి. గాలాడకపోతే ఆ పనంతా ఆగిపోతుంది."

"ప్రోటీనంటే కోడిగుడ్డులో ఉండేది కాదుటే?"

"అరటికాయలోనూ కాస్త ఉంటుంది. మన తిండికి చాలదు, దాని పనికి చాలుతుంది."

"విన్నావా" అన్నాను కోడలితో. "దుప్పటి కప్పింది కాక ముక్కు కూడా మూశావు. ఆ కవరు కడిగి ఆరెయ్యి, ఇంకో పనికొస్తుంది."

గెలను గోనెపట్టాతో వదులుగా కప్పాం. పండిన సపోటాల గాలి తగిలితే కాయ తొందరగా పండుతుందని పిల్ల నాలుగు తెచ్చింది. తర్వాత అవి తినొచ్చని చెప్పాకే పక్కన పెట్టనిచ్చాను.

ఆదివారానికి గెలలో పై రెండు వరసలు, అత్తాలంటాం, అవే పండాయి. కిందవన్నీ పచ్చికాయలే. అలాగే మోయించుకెళ్ళాను. పండినవి చిన్నపిల్లలకే సరిపోయాయి. పాస్టరుగారు ఎప్పటిలాగే చర్చి ఖర్చులకని మిగతా గెల వేలం వేయబోతే, "వద్దండీ, చర్చి వసారాలో కట్టించండి. అందరికీ అందాకే ఖాళీ అవ్వాలి" అన్నాను.

వారమంతా కాయలు ఒక్కో అత్తమే పండుతూ వచ్చాయి. దారిన పోయేవాళ్ళు ఆగి ఒక పండు తెంపుకుని, మా గుమ్మం దాకా వచ్చి ఆయన గురించి ఏదో ఒక మాట చెప్పి వెళ్ళేవారు. ఆదివారమే అన్నీ పండి ఉంటే, తిని చేతులు కడుక్కుని ఎవరింటికి వాళ్ళు పోయేవారు.