మాష్టారి కోసం తాగిన వైను

చిత్తూరు గిరింపేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన ఉండేవారు. పాండిచ్చేరి కోర్టులో ఫ్రెంచి దొరల కాలం నుంచి దుబాసీగా పనిచేసి, రిటైరయ్యాక భార్య పుట్టిన ఊరికి వచ్చేశారు. డెబ్బైల చివర్లో నేను ఫ్రెంచి డిప్లొమాకు కట్టి, సాయంత్రాలు ఆయన దగ్గర పాఠానికి వెళ్లేదాన్ని. ఆయన్ని సార్ అనీ, ఆయన భార్యను పెద్దమ్మా అనీ పిలిచేదాన్ని.

అంతకు ముందు ఏడాది సార్ స్కూటరు మీద నుంచి పడ్డారు. తలకు తగిలిన దెబ్బ మానింది గానీ, వాసనా రుచీ పోయాయి. "పులుసులో ఉప్పు మరిసిపోయినా ఊరకే తింటాడు పాపా. ఇంగ ఎవురికోసరం వండేది?" అనేది పెద్దమ్మ.

వాళ్ల బీరువాలో ఒక వైను సీసా ఉండేది. ఒక ఫ్రెంచి జడ్జి పాండిచ్చేరి వదిలేటప్పుడు సార్‌కు ఇచ్చి వెళ్లాడట. దాని మీద పాత కోట బొమ్మ, కింద వైను తీసిన సంవత్సరం; వీళ్ల పెళ్లయిందీ ఆ ఏడాదే. ఆ కోట చుట్టూ ఉన్న ద్రాక్షతోటలో తాతముత్తాతల నాటి నుంచి వైను తీస్తున్నారని సార్ గొప్పగా చెప్పేవారు. మంచిరోజు చూసి తెరవాలనుకుంటుండగానే ఆ ప్రమాదం జరిగింది.

ఒక శనివారం నేను వెళ్లేసరికి సీసా బల్ల మీద ఉంది. బిరడా దగ్గర కారి, చుట్టిన గుడ్డకు ఎర్రగా అంటింది. ఇక ఆగదని సార్ తెరిచేశారు. మడ్డి రాకుండా పలచటి గుడ్డలో వడగట్టి గాజు గ్లాసులో పోశారు. తాను ఒక గుక్క తాగి గ్లాసు దించారు.

"నీళ్ల మాదిరి ఉండాది," అన్నారు. "నా నోరు సచ్చిపోయింది పాపా. మీ పెద్దమ్మకు వాసనకే కడుపులో తిప్పుతాది. నువ్వు తాగి సెప్పు."

మాది బెల్లం మండీ నడిపే ఇల్లు. శనివారం మా అమ్మ వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేది. వద్దని చెప్పాలనే నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి గ్లాసు అందుకున్నాను.

మొదట పులుపు, తరువాత వక్క నమిలినట్టు వగరు. బాగాలేదనుకునేలోపే నోట్లో ఏదో విచ్చుకుంది.

"నేరేడుపండు సార్. ఎండిపోయిన నేరేడు."

"ఊఁ. దాని ఎనక?"

"తొలివానకు తడిసిన మన్ను... పొగాకు..." మళ్లీ తాగాను. "మా మండీలో పాత బెల్లం దిమ్మెలు తీసినాక గదిలో మిగిలే వాసన."

సార్ కళ్లు మూసుకుని నవ్వారు. "ఇంకా సెప్పు," అన్నారు. అలా చెబుతూ గ్లాసు ఖాళీ చేసేశాను. చివరి గుక్క ఆయన కోసం తాగలేదు, నాకు కావాలనిపించి తాగాను. అప్పుడు తలెత్తితే ఆయన నా గొంతు వైపే చూస్తున్నారు. ఇన్నేళ్లు ఆయన దాచుకున్నది నాలోకి పోయింది. ఆయనకు మాటలే మిగిలాయి.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ పూజ ముగించి తీర్థం ఇస్తోంది. నేను చెయ్యి చాపలేదు.

"ఏమే, మొగం అట్లుండాది?" అంది.

"తలనొప్పి," అని పడుకున్నాను. అమ్మ ఉపవాసంతోనే వచ్చి తలకు అమృతాంజనం రాసింది. ఊపిరి బిగబట్టి గోడ వైపు తిరిగాను.

సిగ్గుతో నాలుగైదు రోజులు పాఠానికి పోలేదు. పోయిన రోజు సార్ మిగిలిన వైను తెచ్చి, మళ్లీ చెప్పమన్నారు. పెదవికి తగలగానే తెలిసిపోయింది.

"పులిసిపోయింది సార్."

"మర్నాడే వస్తావనుకుంటి," అన్నారు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నారు. సీసా తీసుకుపోయి పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోసి వచ్చారు.

ఆయన అటు వెళ్లినప్పుడు పెద్దమ్మ నా పక్కకు వచ్చింది. "ఆ పొద్దు నువ్వు పోయినాక, ఈయప్ప సంగటి ఇంకో ముద్ద అడిగి ఏయించుకున్నాడు పాపా. దెబ్బ తగిలినాక అట్ల అడిగింది అదే మొదలు," అంది.

అది విని నా మనసు తేలికపడాలి. పడలేదు. మర్నాడే వచ్చుంటే ఇంకో ముద్ద అడిగేవారేమో. సార్ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుని, "ఏదీ, పాఠం తియ్యి," అన్నారు.