అక్క చేతికి అలవాటైన ట్రాన్స్‌మిటర్

నా చిన్నప్పుడు తాండూరు దగ్గర మా ఊళ్లో మమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవలేదు. పటేల్ ఇల్లు అనేవారు. మా ముత్తాత మాలీ పటేల్, ఊరి శిస్తు వసూలు చేసేవారు. ఆయన తండ్రి చుట్టుపక్కల ఊళ్ల తగవులు తీర్చినవారు. మా తాతయ్య నాటికి పటేల్‌గిరీ పోయింది, భూములు తరిగాయి, పద్ధతులు మాత్రం మిగిలాయి. అందులో ఒకటి, అమ్మేవాడి ఎదుట వస్తువును చేత్తో పట్టి చూడకపోవడం. ఉన్నవాటిలో పెద్దది చూపించి ఇంటికి పంపమనడమే మా ఇంటి తీరు.

నాన్న పోయినప్పుడు నాకు పదేళ్లు. ఆయన తేలికపాటి చెక్కతో ఒక విమానం చేశారు. చిన్న ఇంజన్ కూడా బిగించారు. నేల మీద నిలబడి దాన్ని నడిపే రేడియో పెట్టె, ట్రాన్స్‌మిటర్, కొనక ముందే పోయారు. నాకు ఏడుపు రాలేదు. దినాలు అయ్యాక, అది ఎగరాలి అని మాత్రం అన్నాను. అలాంటిది మళ్లీ చేసేవారు మా ఇంట్లో లేరు.

పక్కింటి అక్క కాలేజీలో ఎన్‌సీసీలో ఇలాంటి చిన్న విమానాలే నడిపేది. నాకు నేర్పడానికి ఒప్పుకుంది. వికారాబాదులో ఒక పెద్దమనిషి తన ట్రాన్స్‌మిటర్లు అమ్మేస్తున్నారని తెలిసి తాతయ్య మా ఇద్దరినీ రైలులో తీసుకెళ్లారు.

బల్ల మీద రెండు ఉన్నాయి. ఒకటి పెద్దది, మెరిసేది, మీటలు చాలా ఉన్నది. రెండోది చిన్నది, అంచులు గీసుకుపోయింది. తాతయ్య నడుం వంచకుండానే చేతికర్రతో పెద్దదాన్ని చూపించారు. అక్క రెండింటి మీదా నిలబడి ఉన్న, విమానాన్ని నడిపే పుల్లలను వేళ్లతో కదిలించి చూసి, నెమ్మదిగా చెప్పింది.

"పెద్దది మంచిదే, పటేల్ తాతా. గని ఇంజన్ జోరు పెంచే పుల్ల దీంట్ల ఎడమ దిక్కున్నది. నేను నేర్సుకున్నది కుడి దిక్కు. పిల్ల తడబడితే గుంజుకుంట గని, నా చెయ్యి ఉల్టా పోతది."

అమ్మే ఆయన నవ్వారు. "గా చిన్నది మీ ఇంటికేం సాలుతది, పటేలా?"

 తాతయ్య కర్ర గోడకు ఆనించి, చిన్నదాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. ఒకరి ఎదుట ఆయన అలా ఒక వస్తువును పట్టి చూడటం నేను అంతకుముందు ఎరగను. పుల్లలు కదిలించారు. అక్క చేతిలో పెట్టి, ఆమె వేళ్లు ఎటు పోతున్నాయో చూశారు.

"మా ఇంటికి సాలకుంటే ఫికర్ లేదు. పిల్ల చేతులకెల్లి జారితే అందుకునే చెయ్యి ఉండాలె. గిదే ఇయ్యి" అన్నారు.

ఆ ఆదివారం నాపరాయి తేలిన బీడులో విమానం లేచింది. కొంతసేపు నా చేతిలోనే తిరిగింది. మలుపులో నేను ఏ పుల్ల ఎటు తోయాలో మరిచాను. ముక్కు నేలకు తిరిగింది. అక్క నా చేతుల్లోంచి పెట్టె లాక్కుంది. పక్క చేలోని కంది మోళ్ల మీదుగా, వాటిని తాకేంత దగ్గరగా, విమానం పైకి లేచింది. ఆమె ఇంకో చుట్టు తిప్పి దాన్ని బండ మీద దింపింది. రెక్క విరగలేదు.  తాతయ్య నా వైపు చూడకుండానే, "మళ్ల పట్టుకో" అన్నారు.

నేను ఎవరినీ తొందరగా సాయం అడిగే మనిషిని కాను. ఇప్పటికీ నిటారుగానే కూర్చుంటాను. కానీ చేతకాని పని మీద పడినప్పుడు, నాకంటే ముందు దాన్ని పట్టిన చెయ్యి ఎవరిదో వెతుక్కుంటాను. తాతయ్య పోయాక భూముల వ్యవహారం నా ఒక్కదాని మీద పడింది. అక్క అప్పటికే తన పుట్టింటి భూమి అమ్మి ఉంది. కబురు పెడితే బస్సులో వచ్చి నా పక్కన కూర్చుంది. కొనేవాళ్లతో మాట్లాడవలసిన చోట ఆమే మాట్లాడింది. దౌల్తాబాద్ వైపు మాకు మిగిలిన పొలమంతా ఆ మధ్యాహ్నం అమ్మేశాం.