ఎక్కువైతే తప్పు కాదట

మొన్న మాదాపూర్‌లోని మా ఆఫీసు లిఫ్టులో మనుషులు ఎక్కువై గంట మోగితే, దిగుదామని నేను ముందుకు కదిలాను. వెనక నుంచి మా టీమ్‌లో ఒకాయన, "మీరుండండి మేడమ్, మీ బరువు లెక్కలోకే రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. అలవాటు ప్రకారం నేనూ నవ్వి, దిగిపోయి, మెట్లెక్కాను. ఎక్కినంతసేపూ ఒళ్లు మండుతూనే ఉంది. నా బరువును ఒకప్పుడు పెద్దవాళ్లు ఎంత శ్రద్ధగా లెక్కపెట్టారో ఆయనకేం తెలుసు.

నాతో పాటు ఈ వైపు పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, గచ్చిబౌలి దాటాక, ఇన్ని అద్దాల మేడలు లేవకముందు, పాత టైర్లను గోడలా పేర్చిన చిన్న కార్టింగ్ ట్రాక్ ఒకటి ఉండేది. నాన్న అక్కడ ఆ బుల్లి రేసు బండ్ల మరమ్మతులు చూసుకునేవాడు. బడి అయ్యాక నేను చందానగర్ నుంచి నేరుగా అక్కడికే వెళ్లి, గిరాకీ లేని సాయంత్రాల్లో, ఇంజన్ పరీక్షించాలన్న సాకుతో ఒక్కదాన్నే బండి తిప్పుతుండేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేక, కథల పుస్తకాల్లోనూ డైరీలోనూ తలదాచుకునే పిల్లకు హెల్మెట్ ఎంత హాయో వేరే చెప్పాలా, అందులో ముఖం కనబడదు, ఎవరూ పలకరించరు. అలా తిరుగుతుంటే చూసిన ఒక జట్టు మేనేజరు, నా పదహారో ఏట, జూనియర్ల పందేలకు నన్ను తీసుకున్నాడు. ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనబడే, నేలకు ఆనుకుని దూసుకుపోయే కార్లు అవి.

జట్టులో ఇద్దరం. రెండోవాడు నా ఈడువాడే, ఒక పెద్ద కాంట్రాక్టరు కొడుకు. సీజన్ చివరికి మా ఇద్దరిలో ఎవరు ముందుంటే వాళ్లకు మరుసటి ఏడాది పై తరగతి కారు, ఖర్చంతా జట్టుదే అన్నారు. వాళ్లింట్లో అదొక ముచ్చట. మాకు మాత్రం అది రాకపోతే పందేలు అక్కడితో సరి. తమిళనాడులోని ట్రాక్ మీద చివరి పందెం జరిగే నాటికి నేను పాయింట్లలో అతనికంటే కాస్త ముందున్నాను.

అప్పుడు మొదలైంది బరువు గోల. కారూ, నడిపేవారూ కలిపి ఇంతకు తగ్గకూడదని ఆ పందేల్లో ఒక నియమం. నేను బక్కపలచటి దాన్ని కనుక, తక్కువైనంత సీసాన్ని పలకలుగా నా సీటు కింద బిగించేవాళ్లు, అంటే తూకంలో నాకూ అతనికీ తేడా లేనే లేదు. ఇది తెలిసి కూడా అతని తండ్రి టీ గ్లాసు పట్టుకుని, "ఆడపిల్ల కదండీ, తేలిక. మలుపుల్లో అదే కలిసొస్తోంది. మావాడు పాపం రాత్రిపూట అన్నమే మానేశాడండి" అని కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడు, వాళ్లు తలలూపేవాళ్లు. నేను ముందొచ్చిన ప్రతిసారీ గెలిచింది నా బరువే, నేను కాదు.

చివరి పందెం పొద్దున, అందరి నోళ్లూ మూతపడతాయంటూ మేనేజరు ఇంకో సీసం పలక తెప్పించాడు. బిగించమని దాన్ని సాయానికి వచ్చిన నాన్న చేతికే ఇచ్చాడు. నాన్న నా వైపు చూడకుండానే, "జర సర్దుకో బిడ్డా. సీటిచ్చినోళ్లతోని లొల్లి మనకెందుకు?" అన్నాడు. సర్దుకుని కూర్చున్నాను.

ఎప్పుడూ బ్రేకు తొక్కే చోట తొక్కితే కారు ఆగలేదు. మలుపు దాటాక వేగం అందుకోలేదు. సగం పందెం అయ్యేసరికే టైర్లు అరిగి జారసాగాయి. అతను నా పక్కనుంచి వెళ్లిపోవడం చూస్తూనే ఉన్నాను, ఏమీ చేయలేకపోయాను.

పందెం అయ్యాక కార్లన్నీ తూకం వేస్తారు. అన్నింటిలోకీ నాదే బరువు. ఎన్నడూ పరాయివాళ్లతో మాట్లాడని దాన్ని, ఇదెలా న్యాయమని తూకం చూసే పెద్దమనిషిని అడిగాను. ఆయన వచ్చీరాని తెలుగులో, "తక్కువైతే తప్పమ్మా. ఎక్కువైతే తప్పు లేదు" అన్నాడు. మరి ఎక్కించినవాళ్ల మాటేమిటంటే, వెనకున్న కారును పిలిచాడు.

ఇంటికొచ్చాక సంగతి విని అమ్మ నాన్న మీద విరుచుకుపడింది. "బరువెక్కువైతే దించమంటరు గని, ఎక్కిస్తరా ఎక్కడన్నా? నీ చేతుల్తోని నువ్వెట్ల బిగించినవ్?" నాన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. పై తరగతి కారు ఆ అబ్బాయికి వెళ్లింది.

ఆ కార్టింగ్ ట్రాక్ ఉన్న చోట ఇప్పుడు ఆఫీసు భవనం లేచింది. రేసింగ్ దుస్తుల్లో అమ్మాయిల ఫొటోలు హోర్డింగుల మీద కనబడుతున్నాయి. చూస్తే సంతోషంగానే ఉంటుంది, వీళ్ల సీట్ల కింద ఏం బిగించారో అని కూడా అనిపిస్తుంది. కారు చేజారినందుకు అప్పుడే ఏడ్చి ఊరుకున్నాను. తగ్గని కోపం ఇంకొకటి ఉంది. ఆ రోజు నేను నిజంగా ఎంత వేగంగా నడపగలిగేదాన్నో ఎవరికీ తెలియకుండా చేశారు, నాకు కూడా. జూనియర్ల వయసు ఎప్పుడో దాటిపోయింది, ఇక తెలుసుకునే దారి లేదు.