నేలకి అంటని ఎడమ పాదం

నా పేరు భ్రమరాంబ. వయసు డెబ్బై దాటి కొంతకాలమైంది; ఎంతకాలమో లెక్క చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కాపురం రేపల్లెలో, స్టేషను వెనక వీధి. భర్త లేడు, పిల్లలు పుట్టలేదు. వెనక వాటాలో నేనొక్కదాన్నే, ముందు వాటాలో అద్దెకున్న మేష్టారి కుటుంబం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఆ మేష్టారే రాస్తున్నారు. "స్వర్గీయ" అని మొదలుపెట్టబోతే వద్దన్నాను. వాడెక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు. చెప్పి వెళ్ళలేదు.

పోయినవాడు నా మరిది. తెనాల్లో పోయాడు. ఆ కబురు నాకు చేరిన తీరు ముందుగా చదివేవాళ్ళకి తెలియాలి.

పొద్దున్నే ఫోను మోగింది. వాడి బావమరిది. "అక్కయ్యగారూ, బావగారికి కాస్త నలతగా ఉందండి. ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి" అన్నాడు. "ఫోను వాడికియ్యి" అన్నాను. "నిద్రపోతున్నారండి" అన్నాడు. నలతే కదా అని రాగిజావ కాచి, కారియర్‌లో పోసుకుని, పాసింజరు ఎక్కాను. తెనాలి స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుంటే సందు మొదట్లోనే ఆపేశాడు. "ఎవరింట్లోనో పెళ్ళల్లే ఉంది మామ్మగారూ, షామియానా వేస్తున్నారు, లోపలికి పోదు" అన్నాడు. దిగి చూస్తే ఆ షామియానా మా మరిది వాకిట్లో. గుమ్మం నిండా జనం చెప్పులు. జావ ఇంకా వేడిగానే ఉంది.

నేను కాపురానికి వచ్చేనాటికి వాడు పలక పట్టుకుని, బడికి వెళ్ళనని వీధిలో పొర్లి ఏడ్చే వయసు. అత్తగారు అప్పటికే లేదు. ముక్కు తుడిచి, అన్నం పెట్టి, వీపు మీద ఒకటేసి బడికి పంపింది నేను. అందుకే నాకు వాడు ఎప్పుడూ "వాడే". పెద్దవాడై తెనాల్లో మోటార్లు చుట్టే పని నేర్చుకున్నాడు. తరవాత రైస్ మిల్లుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో కరెంటు పనులు చూసుకునేవాడు. సుగర్ వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలుసు. కళ్ళు మసకబారాయి. అదీ తెలుసు.

ఒకరోజు రేపల్లె వచ్చి, సంచీలోంచి తుపాకీ పిడిలాంటి పిడి ఉన్న వస్తువొకటి తీశాడు. వెనక చిన్న తెర. "వేడి కెమెరా వదినా. వెలుగుతో దీనికి పనిలేదు, వేడిని చూస్తుంది" అన్నాడు. వంటింట్లోకి తిప్పి చూపించాడు. తాలింపు మూకుడు తెల్లగా, దాని చుట్టూ పసుపు, గట్టు ఎరుపు, నీళ్ళబిందె నల్లటి ఊదారంగు. గట్టు మీద పడుకున్న పిల్లి మమ్మల్ని చూసి దూకి పారిపోయింది. అయినా అది పడుకున్న చోటు తెర మీద ఎర్రగా ఉండిపోయి, మెల్లిగా ఆరిపోయింది.

"దొంగముండ ఎక్కడ కూర్చుందో చెప్పేస్తోందే! నాకొకటి కొనిపెట్టరా, పాలగిన్నె దగ్గర కాపలా పెడతాను" అన్నాను.

నవ్వాడు. నవ్వాక గొంతు తగ్గించాడు. "నా కళ్ళకి రంగులు అలుక్కుపోతున్నాయి వదినా. నా పక్కన నిలబడి రంగు నువ్వు చెప్పు, పక్కనున్న అంకె నువ్వు చెప్పు. ఏం చెయ్యాలో నేను చెబుతాను."

"చదువు రానిదాన్ని పట్టుకుని..."

"అంకెలొచ్చుగా. కూరలవాడి దగ్గర రూపాయి పోనిస్తావా నువ్వు? ఒకటే షరతు. కనిపించింది కనిపించినట్టు చెప్పాలి. ఓనరు మొహం చూసి మార్చకూడదు, నా మొహం చూసి మార్చకూడదు. మన ఇద్దరి మధ్యా దాపరికం ఉండకూడదు."

"నీ ముక్కు తుడిచినదాన్ని. నాకు నీ దగ్గర దాపరికమేంట్రా?" అన్నాను. నా తరఫున మాటిచ్చాను. వాడి తరఫున మాట తీసుకోవాలని నాకు తోచలేదు.

వాడు నేర్పిన పద్ధతులు ఇప్పటికీ నోటికొచ్చు. ముందురోజే చార్జింగు పెట్టాలి. మూత తీసి మీట నొక్కగానే చూసిందాన్ని నమ్మకూడదు. ఎండలోంచి లోపలికి తెచ్చినా, చలి గదిలోంచి బయటికి తెచ్చినా కాసేపు నేల వైపు తిప్పి ఉంచాలి. లోపల టిక్కుమని చప్పుడు చేస్తూ అది తనను తాను సర్దుకుంటుంది. అంతవరకూ అది చూపించే రంగులు ఉత్త రంగులే. మిల్లు ఆడుతున్నప్పుడే చూడాలి; ఆగిన మిల్లులో చెడ్డ బిగింపూ చల్లగానే ఉంటుంది. ఒక వరసలో మూడు తీగలుంటే మూడింటినీ పక్కపక్కన చూడాలి. రెండు ఎర్రగా ఉండి ఒకటి తెల్లబడితే ఆ తెల్లబడిన దాని బిగింపు వదులైనట్టు. ఎంత ముచ్చటేసినా దగ్గరికి వెళ్ళకూడదు, వేలు పెట్టకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం, మెరిసేదాన్ని నమ్మకూడదు. రాగి, స్టీలు తళతళలాడుతుంటే ఎంత కాలిపోతున్నా కెమెరాకి చల్లగానే కనిపిస్తాయి. పైగా ఎదురుగా నిలబడితే మన ఒంటి వేడే అందులో పడి ఎర్రగా కనిపిస్తుంది. సంగం జాగర్లమూడి మిల్లులో మొదటిసారి నేను "మంట, మంట" అని కేకేస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ మంట నువ్వే వదినా. మెరిసేదాంట్లో కనిపించే వేడి మనదే" అన్నాడు. అందుకని కరెంటు కట్టేసి, మెరిసే చోట నల్లటేపు ముక్క అంటించి, మళ్ళీ మిల్లు ఆడించి, ఆ టేపు మీద చూసేవాళ్ళం. దసరాకి ఆయుధపూజ చేసిన మిల్లుల్లో ఆ శ్రమా ఉండేది కాదు. కరెంటు బోర్డు లోపల పసుపు రాసి బొట్లు పెట్టి ఉంచుతారు. "మిగతాదంతా అబద్ధం ఆడుతుంది, అమ్మవారి బొట్టు నిజం చెబుతుంది. అక్కడ చూసి చెప్పు" అనేవాడు.

వాడి వెంట వెళ్ళిన ప్రతి మిల్లులో నాకు కుర్చీ వేశారు. "మామ్మగారికి టీ" అన్నారు. బస్సు బోర్డు చదవలేక పదిమందిని అడిగే మనిషిని, నేను రంగు చెబితే మిల్లు ఆపేవాళ్ళు. అది వాడు పెట్టిన భిక్ష. కాదనను.

ఇక కొల్లిపర మిల్లు సంగతి. ఈ రాయించడమంతా దాని కోసమే.

ఆ మిల్లులో బోర్డు ఉన్న గదిలోనే లక్ష్మీదేవి పటం పెట్టుకున్నారు. ఓనరుగారి తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పాను. మా వాడు బూట్లతో నిలబడ్డాడు.

"బూట్లు విప్పండి బాబూ, అమ్మవారుంది" అందావిడ.

"కరెంటు పనండీ, విప్పకూడదు" అన్నాడు.

"ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా విప్పే చేశారు. మీ కాళ్ళేమన్నా ప్రత్యేకమా?"

"బోర్డు ముందు రబ్బరు పట్టా ఉందిగదరా. చూడ్డానికేగా వచ్చాం, ఏం ముట్టుకుంటాం? విప్పు, పెద్దావిడ చెబుతోంది" అన్నాను నేను. వాడు నా వంక ఒక చూపు చూశాడు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. బూట్లు విప్పాడు, మేజోళ్ళు విప్పలేదు. మెల్లిగా గది దాటి వెళ్ళి రబ్బరు పట్టా మీద నిలబడ్డాడు.

నేను ఎండలోంచి తెచ్చిన కెమెరా తెరిచి, అలవాటు ప్రకారం నేల వైపు తిప్పి పట్టుకున్నాను. చల్లటి గచ్చు, తెరంతా ఊదారంగు. దాని మీద వాడు నడిచి వెళ్ళిన అడుగులు. కుడి పాదం అచ్చులు ఎర్రగా, మడమ నుంచి వేళ్ళ దాకా ముగ్గేసినట్టున్నాయి. ఎడమ పాదం లేదు. కుడి, ఖాళీ, కుడి, ఖాళీ. ఒంటికాలి మనిషి గెంతుకుంటూ పోయినట్టుంది.

"ఒరేయ్, నీ ఎడమకాలు నేల మీద పడలేదేంట్రా?" అన్నాను.

వాడు వెనక్కి తిరగలేదు. "ఇప్పుడే తెరిచావు కదా వదినా. ఇంకా సర్దుకోలేదు. నీకు చెప్పానుగా, మొదట్లో చూపించేవి ఉత్త రంగులని" అన్నాడు.

చెప్పాడు. నిజమే. అందుకే నమ్మాను. టిక్కుమనేదాకా ఆగాను. అది సర్దుకునేసరికి పిల్లి పడుకున్న గట్టులాగే నేల మొత్తం ఒకే రంగై కూర్చుంది. చూడ్డానికి అడుగు మిగల్లేదు.

పాఠం నిజం, దాన్ని వాడుకున్న తీరు అబద్ధం. పరాయివాడు మోసం చేస్తే తిట్టి ఊరుకుంటాం. నాకు అక్షరం ముక్క రాకపోయినా ఒక విద్య చేతికిచ్చినవాడు, ఆ విద్యనే అడ్డంపెట్టి నా కళ్ళు కప్పాడు.

ఎడమకాలికి నెత్తురు అందక పాదం చల్లబడిపోయిందని, వేళ్ళ మధ్య పుండు పడిందని వాడికి అప్పటికే తెలుసట. ఆ తరవాత నన్ను పనికి పిలవడం తగ్గించాడు. "బాపట్లలో ఐస్ ఫ్యాక్టరీ పని వదినా, లోపల చలి, నీకు పడదు" అనేవాడు. అలా చాలాసార్లు వెళ్ళాడు. చలి గదుల్లో తిరుగుతున్నాడు పాపం అని నా శాలువా ఇచ్చి పంపాను. అది ఐస్ ఫ్యాక్టరీ కాదు, ఆసుపత్రి. వేళ్ళు తీసేయాలన్నారు, వద్దన్నాడు. తరవాత పాదం తీసేయాలన్నారు, అప్పుడూ వద్దన్నాడు. విషం పైకెక్కింది. నా శాలువా కాళ్ళ మీద కప్పుకుని పడుకునేవాడట, చూడ్డానికి వచ్చినవాళ్ళకి కట్టు కనపడకుండా. ఇదంతా వాడి ఇంట్లో అందరికీ తెలుసు. నాకు చెప్పొద్దన్నాడట. "వదిన అరుస్తుంది" అన్నాడట.

అరిచేదాన్నే. చెవి పట్టుకుని డాక్టరు ముందు కూర్చోబెట్టి, "తియ్యండి బాబూ ఆ పాదం, మనిషి మిగిలితే చాలు" అనేదాన్ని. ఆ అరుపు నోట్లోనే ఉండిపోయింది.

పెద్దకర్మ రోజు బంధువులంతా భోజనాల దగ్గర ఉండగా, మా తోటికోడలు, వాడి భార్య, నలుగురికీ వినపడేట్టు అంది. "కెమెరా పట్టుకుని పక్కనే తిరిగింది కదా అక్కయ్య. మిల్లు మిల్లుకీ వేడి కనిపెట్టిన మనిషికి, పక్కనున్న మనిషి కాలు కనపళ్ళేదా? ఆ కాలుతో ఆయన్ని ఊళ్ళు తిప్పింది."

విస్తరి ముందు నుంచి లేచాను. "పుండు కడిగి కట్టు కట్టిన చెయ్యి నీది. నాకు ఫోను చేసే చెయ్యి నీకు లేకపోయిందేం?" అన్నాను.

"ఒట్టు వేయించుకున్నారు నాచేత" అని ఏడ్చింది.

"నీ ఒట్టు నిలబెట్టుకున్నావు. నా పేరెందుకు తగలేస్తావు?"

చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను. కానీ ఆ మాట ఊరు దాటింది. రేపల్లె సంతలో కూడా ఒకావిడ అడిగింది, "నీ చేతిలోనే కెమెరా ఉందటగా" అని. అందుకే రాయిస్తున్నాను. ఆ కాలి సంగతి నాకు తెలియదు. కనిపించిన ఒక్కసారీ కనిపించింది కనిపించినట్టు అడిగాను. అబద్ధం చెప్పింది వాడు. వాడంటే నాకు ప్రాణం, అయినా ఈ నింద నేను మొయ్యను. వాణ్ణి క్షమించారా అని మేష్టారు అడుగుతున్నారు. ఆ మాట రాయొద్దు మేష్టారూ, నాకింకా తెలియదు.

మొన్న మాసికం అయ్యాక మా తోటికోడలు ఒక్కతే రేపల్లె వచ్చింది. చేతిలో వాడి సంచీ. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"నాకూ సుగర్ ఉందిగా అక్కయ్యా."

"ఉంది. అయితే?"

"కుడికాలు తిమ్మిరిగా ఉంటోంది. పిల్లలకి చెప్పలేదు."

"నాకెందుకు చెబుతున్నావు? గుడ్డిదాన్నన్నావుగా పదిమందిలో."

తల దించుకుంది. "ఆ రోజు ఏదో ఒకళ్ళని అనాలనిపించింది. నన్ను నేను అనుకోలేక మిమ్మల్నన్నాను. మీరైతే చూసింది నా మొహం మీదే చెబుతారు" అని సంచీలోంచి కెమెరా తీసి నా ఒళ్ళో పెట్టింది. చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ చాపి పీట మీద పెట్టింది.

తోటికోడల్ని అలాగే కూర్చోబెట్టాను. తొందరపడలేదు. కెమెరా సర్దుకున్నాక చూశాను. రెండు పాదాలూ ఒక రంగులో లేవు. ఎక్కడ తేడా ఉందో తెర మీద వేలు పెట్టి చూపించాను. "ఇది డాక్టరు కాదు, నేనూ డాక్టర్ని కాను. రేపూ ఎల్లుండీ కాదు, ఇప్పుడే లే, డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను.

ఇద్దరం స్టేషనుకి బయల్దేరాం. తెనాలి బండి ప్లాట్‌ఫారం చివర ఆగి ఉంది. తోటికోడల్ని ముందు నడవమన్నాను. సంచీ భుజానికి తగిలించుకుని నేను వెనక నడిచాను, అది వేసే ప్రతి అడుగూ మడమ నుంచి వేళ్ళ దాకా నేలకి ఆనుతోందో లేదో చూసుకుంటూ.

చెప్పింది చెప్పినట్టే రాశారని వినిపించుకుని, ఒప్పుకుని వేసిన

భ్రమరాంబ ఎడమచేతి బొటనవేలి ముద్ర

రాసినవారు: ముందు వాటా మేష్టారు, సత్యనారాయణ
సాక్షి: ముందు వాటా ఇల్లాలు, పద్మావతి
సాక్షి: తోటికోడలు, విజయలక్ష్మి. పెద్దకర్మ నాడు నేనన్న మాట తప్పని ఒప్పుకుని సంతకం చేశాను.