అత్త బొటనవేలు చెప్పిన వరస

పోయిన నెల తిరుత్తణి బైపాసు మీద టీ కొట్టు దగ్గర మా మనవడు కారు ఆపితే, అక్కడ తిరుపతి వైపు పోతున్న పాతకాలపు కార్లు బారుగా నిలబడి ఉన్నాయి. నేను దిగలేదు. వెనకాల ఒక బండి స్టార్టయింది. తల తిప్పి చూడకముందే అది ఎనిమిది సిలిండర్ల ఇంజనని, అందులో ఒకటి సరిగ్గా మండకుండా మిస్సవుతోందని నాకు తెలిసిపోయింది. ఆ మాటే అంటే మనవడు నవ్వి, నీకెట్లా తెలుసని అరవంలో అడిగాడు. వాడికి చెప్పబుద్ధి కాలేదు. మీకయితే చెబుతాను. అన్నదమ్ములు వేరుపడి ఒక పెరటికి రెండు పొయ్యిలు వెలిగిన ఇళ్లలోంచి వచ్చినవాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

నేను కాపురానికి వచ్చింది తిరుత్తణి దగ్గరి కే.జీ.కండిగైకి, డెబ్బైల్లో. మా మామకు మద్రాసులో ఎవరో దొర అమ్మేసి పోయిన పెద్ద అమెరికా కారు ఉండేది. పెళ్లిళ్లకూ, అరవంవాళ్ల ఆడి నెలలో పెరియపాళయం అమ్మవారి మొక్కులకూ బాడుగకు పోయేది. దాన్ని నడిపింది, కడిగింది, రిపేరు చేసింది మా బావే, అంటే మా ఆయనకు అన్న. వైర్లు మార్చేటప్పుడు మాత్రం తమ్ముణ్ని కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఏదో ఒక పని చెప్పి లోపలికి పంపేవాడు. మామ పోయేముందు పంపకాలు చేసి, బాయీ దాని కింది మడీ బావకు, కారు మా ఆయనకు ఇచ్చాడు. బావ కడుపుమంట ఊరికే పుట్టింది కాదని నాకూ తెలుసు. పడుచుతనమంతా ఆ బండికే ధారపోసిన మనిషి. అయినా ఆ తరువాత ఆయన చేసిన పనిని న్యాయమని నేను ఏనాడూ ఒప్పుకోలేదు.

పంపకాల తరువాత వచ్చిన మొదటి ఆడి నెల అది. ఊళ్లో ఒక కుటుంబం పిల్లకు పెరియపాళయంలో వెంట్రుకలు తీయించాలంటే, ఆదివారం తీసుకుపోతానని మా ఆయన మాట ఇచ్చాడు. అంతలో ఒక పొద్దున చూస్తే బానెట్టు తెరిచి ఉంది. ప్లగ్గుల వైర్లన్నీ రెండు కొసలా పీకి సీటు మీద కుప్పగా పడేసి ఉన్నాయి. ఎవరు చేశారో వెతకనక్కర లేకపోయింది. బావ తన అరుగు మీద కూర్చునే ఉన్నాడు.

"బండి వానిది గదా, తోలుకోని పోనీ. నేను తగిలించిన వైర్లు నేను పీకినాను," అన్నాడు.

మామూలు కారయితే నాలుగు వైర్లు అటూ ఇటూ మార్చి చూస్తే ఎప్పుడో ఒకప్పుడు పలుకుతుంది. ఇందులో సిలిండర్లు వాలుగా రెండు బారులు, బారుకు నాలుగు. నడిమధ్య డిస్ట్రిబ్యూటరు మూత, దాని లోపల తిరిగే రోటరు ఒక్కొక్క వైరుకూ నిప్పురవ్వ అందిస్తుంది. ఏ సిలిండరు తరువాత ఏది మండాలో దానికొక వరస ఉంది. ఆ వరస తప్పితే పెట్రోలు కాని వేళలో మండి కార్బురేటరు నోట్లోంచి ఎదురు తన్నుతుంది. ఆ వరస మా ఆయనకు తెలియదు. ఇటొకటి అటొకటిగా మండుతుందని ఊహించి తగిలించి స్టార్టు చేస్తే, దడాలున పేలి మంట పైకి లేచింది. గోనెపట్ట కప్పి ఆర్పేసరికి ఆయన కనుబొమ్మలు మాడిపోయాయి.

"అట్లే కాల్చెయ్యి తమ్ముడూ. ఇద్దురికీ పీడ పోతాది," అన్నాడు బావ, ఉన్నచోటి నుంచి కదలకుండా.

మా ఆయన బస్సెక్కి తిరువళ్లూరు పోయి, ఇట్లాంటి బండ్లు చూసే మెకానిక్కును బతిమాలాడు. అతను బావకు స్నేహితుడు. అన్నదమ్ముల తగాదాలో చెయ్యి పెట్టనని మొహం మీదే చెప్పి పంపేశాడు. తిరిగి వచ్చిన మా ఆయన ఆ కోపమంతా నా మీద చూపించాడు. నేను వడ్డించిన అన్నం ముట్టలేదు.

మా నాన్నకు రైసుమిల్లు ఉండేది. అక్కడి ఆయిలింజను చుట్టూ పెరిగినదాన్ని కాబట్టి నాకొక సంగతి తెలుసు: సిలిండరులో గాలి బిగిసి పైకి తన్నే వేళే అందులో మంట పుట్టాల్సిన వేళ. ప్లగ్గులన్నీ ఊడదీసి, ఇంజన్ను చేత్తో మెల్లగా తిప్పుతూ, ఏ రంధ్రం తరువాత ఏ రంధ్రం తన్నుతుందో వేలు పెట్టి చూస్తే వరస అదే బయటపడుతుంది. మా ఆయనతో అంటే, "ఆడదానితో బండి చేయించుకున్నాడని ఊరు నన్ను జూసి నగల్లనా?" అని కసిరాడు. అయినా కాసేపటికి తానే స్పానరు తెచ్చి ముందరి పుల్లీ బోల్టుకు తగిలించాడు.

ఆయన తిప్పాలి, నేను రోటరు ఎటు చూస్తోందో గుర్తు పెట్టాలి. రంధ్రాల మీద వేలు పెట్టడానికి మూడో మనిషి కావాలి. వీధిలో ఒక్కరూ రాలేదు. బావతో ఎవరికి వైరం కావాలి? అప్పుడు బావ వంటింట్లోంచి మా అత్త బయటికి వచ్చింది. పంపకాల్లో ఆవిడ బువ్వ పెద్దకొడుకు వంతు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, పెరడు దాటి, నా పక్కన నిలబడింది.

"యాడ పెట్టల్లమ్మా వేలు?" అని అడిగింది.

మా ఆయన కొంచెం కొంచెంగా తిప్పుతుంటే అత్త బొటనవేలు రంధ్రం నుంచి రంధ్రానికి మార్చుకుంటూ పోయింది. తన్నినచోటల్లా "ఈడ" అనేది, నేను సుద్దముక్కతో గుర్తు పెట్టేదాన్ని. ఇటు ముందుది, అటు ముందుది, ఇటు చివరిది, అటు చివరిది. ఆ తరువాత మళ్లీ అటువైపే ముందు నుంచి రెండోది. ఒకే పక్క వరసగా రెండు ఎట్లా తన్నుతాయి, సరిగ్గా చూడమని మా ఆయన విసుక్కున్నాడు.

"నా వేలు అబద్ధం చెప్తాదా? మళ్లా తిప్పు," అంది అత్త.

మళ్లీ తిప్పినా అదే తేలింది. మా ఆయన ఊహ తప్పింది అక్కడే. ఇంకో తప్పు కూడా దొరికింది. రోటరు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతోంది. ఆయనేమో ముల్లు తిరిగే వైపుగా వైర్లు తగిలించి ఉన్నాడు. సుద్ద గుర్తుల ప్రకారం అన్నీ తగిలించి తాళం తిప్పగానే ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. ఎనిమిదీ సమంగా పలికిన ఆ మెత్తటి గురగుర నా చెవుల్లో నాటుకుపోయింది.

బావ అరుగు దిగి వచ్చాడు. మా వంక చూడలేదు. అమ్మ ఎదురుగా నిలబడి, "వేలు ఆ పక్క పెట్టినావు గదా, కంచం గూడా ఆ పక్కనే పెట్టుకో," అన్నాడు.

"నీకు బాయి ఉండాది నాయనా. వానికి ఈ బండి కదిల్తేనే బువ్వ," అంది అత్త.

బావ లోపలికి పోయి కంచమూ, ఆవిడ చీరల మూటా తెచ్చి మా గడప ముందర పెట్టి పోయాడు.

ఆదివారం బండి పెరియపాళయం పోయి వచ్చింది. ఆ ఆడి అంతా తిరిగింది, మేం బతికాం. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక ఎనభైల్లో దాన్ని అమ్మేశాం కూడా. బావ మాత్రం తల్లితో మళ్లీ మాట్లాడలేదు. ఆయన పొలం పోయే వేళకు అత్త రోజూ మా వాకిట్లో కూర్చునేది. ఆయన మొహం అటు తిప్పుకునే దాటిపోయేవాడు. అత్త పోయినప్పుడు వచ్చి, పెద్దకొడుకుగా కొరివి పెట్టి, మా ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ముట్టమని నేనూ అడగలేదు. అది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

ఈమధ్య తిరుత్తణిలో ఒక పెళ్లిలో బావ మనవడూ నా మనవడూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, అణ్ణా తంబీ అని అరవంలో నవ్వుకుంటూ ఫోటో తీయించుకున్నారు. తాతలకు ఎందుకు చెడిందో వాళ్లకు తెలియదు. నేను తెలుగులో రాసి పెట్టినా వాళ్లు చదవలేరు. వాళ్లట్లా కలిసిపోవడం సంతోషించాల్సిన సంగతే. కానీ మేం కోపంతోనే అయినా పొద్దున లేస్తే ఒకరి వాకిలి ఒకరు చూసుకునే బతికాం. అవతలి ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో, పిల్లకు జ్వరం తగ్గిందో లేదో, అడగకపోయినా మాకు తెలిసేది. ఈ పిల్లలకు పగ లేదు. ఫోటో అయ్యాక ఎవరి కారు వాళ్లు ఎక్కి పోయారు. మళ్లీ ఇంకో పెళ్లి దాకా ఒకరికొకరు గుర్తు రారు.